బలం నుంచి రూపానికి: దేహదారుఢ్య రంగంలో కొవ్వు కరిగించే మందులు, అనబాలిక్ స్టెరాయిడ్ల జోడింపు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కండను పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లనూ కొవ్వును కరిగించే మందులనూ కలిపి వాడడం దేహదారుఢ్య పోటీల రంగంలో దశాబ్దాలుగా సాగుతున్న ఆచారం. ఈ రెండు వర్గాల మందులూ వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాలకు పుట్టాయి. వాటిని ఒకచోటికి చేర్చింది వైద్యశాస్త్రం కాదు, పోటీవేదిక కోరిన రూపం. తెలుగునేలపై తాలింఖానా సంప్రదాయం బలాన్ని కొలిచింది. నేటి వ్యాయామశాల కొవ్వులేమిని కొలుస్తున్నది. కొలమానంలో వచ్చిన ఈ మార్పు మందుల జోడింపుకు ఎలా దారితీసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: దేహదారుఢ్యం, తాలింఖానా, అనబాలిక్ స్టెరాయిడ్లు, డైనైట్రోఫినాల్, యల్లాప్రగడ సుబ్బారావు, వికారాబాదు.

1. ఉపోద్ఘాతం

వికారాబాదు జిల్లాలోని పూడూరు మండలం హైదరాబాదు–బీజాపూరు రహదారి వెంట ఉంది. ఒకవైపు దామగుండం అడవి, పొరుగున వికారాబాదు, ఆ ఊరికి ఆనుకొని అనంతగిరి కొండలు. ఆ కొండలమీద నిజాం కాలంనాటి క్షయ ఆసుపత్రి ఉంది. క్షయకు నికరమైన మందులు రాకముందు శానిటోరియం చికిత్స అంటే కొండగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి. రోగి బరువు పెరిగితే కోలుకుంటున్నాడని లెక్క. ఒంటికి కాస్త కొవ్వు పట్టడం ఆనాటి కుటుంబానికి శుభవార్త. ‘ఒళ్ళు చేశాడు’ అనే మాటను మన పెద్దలు ప్రశంసగానే వాడారు.

తాండూరు, కొడంగల్ మొదలుకొని జహీరాబాదు, నారాయణఖేడ్ వరకు కర్ణాటక సరిహద్దు వెంబడి ఉన్న ఊళ్ళలో జాతరల సందర్భంగా కుస్తీపోటీలు జరపడం పాత ఆనవాయితీ. గెలిచిన పహిల్వానుకు వెండి కడియం తొడుగుతారు. ఆ బరిలో దిగినవాడి పొట్టమీద ఎన్ని గీతలున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. ఎదుటివాడి వీపు మట్టికి తగిలిందా లేదా అన్నదే లెక్క. ఇదే ప్రాంతపు యువకుడు నేడు మండలకేంద్రంలోని జిమ్‌లో నిలువుటద్దం ముందు నిలబడి పొట్టమీది గీతలను లెక్కపెట్టుకుంటున్నాడు. ఈ రెండు దృశ్యాల మధ్య దూరం ఒక జీవితకాలం కంటే తక్కువే. ఆ దూరంలో ఏం జరిగిందన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

2. ‘స్టెరాయిడ్’ అనే మాట – ఒక పరిభాషా సమస్య

విషయంలోకి వెళ్ళేముందు ఒక చిక్కును విడదీయాలి. తెలుగు వ్యవహారంలో ‘స్టెరాయిడ్’ అనే ఒకే మాట రెండు విరుద్ధ వర్గాలకు వాడుకలో ఉంది. పల్లెల్లో ఆర్.ఎం.పి. వైద్యులు నొప్పులకూ ఆయాసానికీ ఇచ్చే డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటివి కార్టికోస్టెరాయిడ్లు. కోవిడ్ కాలంలో, 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ వార్తలతోపాటు పత్రికల్లో కనిపించినవీ ఇవే. దీర్ఘకాలం వాడితే ఇవి ముఖాన్నీ పొట్టనూ ఉబ్బిస్తాయి, కాళ్ళుచేతుల కండను మాత్రం క్షీణింపజేస్తాయి. అనబాలిక్ స్టెరాయిడ్లు పురుష హార్మోను అయిన టెస్టోస్టిరాన్‌కు రూపాంతరాలు. ఇవి కండలోని మాంసకృత్తుల నిర్మాణాన్ని పెంచుతాయి. రసాయన నిర్మాణంలో రెండింటికీ ఒకే చట్రం ఉన్నమాట నిజం. అయితే కండ విషయంలో ఒకటి కూల్చేది, మరొకటి కట్టేది.

ఈ అస్పష్టత వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ‘మా నాన్నకు డాక్టరే స్టెరాయిడ్ రాశాడు, నేను వేసుకుంటే తప్పేమిటి?’ అన్న వాదానికీ, ‘స్టెరాయిడ్ అంటే విషం’ అని ఉబ్బసం రోగి తనకు కావలసిన మందును మానేయడానికీ మూలం ఈ ఒక్క మాటే. మన వైద్యపరిభాషలో అనబాలిక్ స్టెరాయిడ్లకు ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. ఈ వ్యాసంలో స్పష్టతకోసం వాటిని ‘కండమందులు’ అనీ, రెండో వర్గాన్ని ‘కొవ్వుమందులు’ అనీ వ్యవహరిస్తున్నాను. ఇవి పండితామోదం పొందిన పదాలు కావు, పని జరగడానికి పెట్టుకున్నవి మాత్రమే.

3. వస్తాదు ఒళ్ళు

తెలుగువారి వ్యాయామచరిత్రలో మొదట తలచుకోవలసిన పేరు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, సర్కస్ కంపెనీ నడిపి, ఇనుపగొలుసులను తెంచి, కదిలే కార్లను పట్టి ఆపి, దేశవిదేశాల్లో ‘కలియుగ భీముడు’గా పేరు పొందాడు. శాకాహారి. ఆయన ప్రదర్శనల్లో ప్రేక్షకుడు చూసింది శరీరం చేసిన పనిని. గొలుసు తెగిందా, కారు ఆగిందా అన్నవే ఆ బలానికి తూనికరాళ్ళు. నిజాం రాజ్యంలోనూ అంతే. హైదరాబాదు పాతబస్తీ తాలింఖానాలలో, అరబ్బు సైనికుల వంశీయులు స్థిరపడ్డ బార్కస్‌లో పహిల్వాన్లు దండీలు, బస్కీలు తీసి, పాలు, బాదం, నెయ్యి తిని ఒళ్ళు పెంచారు. కొవ్వు వారికి శత్రువు కాదు. కుస్తీలో బరువు ఒక ఆయుధం.

ఈ శరీరాదర్శం వెండితెరమీదా చాలాకాలం నిలిచింది. 1965లో వచ్చిన ‘పాండవ వనవాసం’లో నందమూరి తారక రామారావు భీముడు. నిండైన ఛాతీ, నిండైన పొట్ట. ఆ ఒంటిని చూసి ఈయన భీముడెలా అవుతాడని ఆనాటి ప్రేక్షకులు అడగలేదు. 2007 సంక్రాంతికి వచ్చిన ‘దేశముదురు’లో అల్లు అర్జున్ ‘సిక్స్‌ప్యాక్’ శరీరంతో కనిపించాడు. తెలుగు సినిమాలో ఆ తరహా శరీరానికి తొలి ఉదాహరణగా దాన్నే చెప్పుకుంటారు. నటులు ఏదో వాడారని చెప్పడం ఇక్కడ నా ఉద్దేశం కాదు, అందుకు ఆధారమూ లేదు. నటుల శరీరాలకంటే ప్రేక్షకుడి కన్ను మారిన తీరు ఈ చర్చకు ముఖ్యం. నాలుగు దశాబ్దాలలో బలవంతుడి గుర్తు ఛాతీ కొలత నుంచి చర్మం కింది కొవ్వు మందానికి జరిగింది.

ఆయుర్వేదం ఈ సందర్భంలో ఒక ఆసక్తికరమైన పోలికనిస్తుంది. చరకసంహిత సూత్రస్థానంలోని ‘అష్టౌనిందితీయ’ అధ్యాయం అతిస్థూలుణ్ణీ అతికృశుణ్ణీ ఇద్దరినీ నిందితుల జాబితాలోనే చేర్చింది. ఆ తరువాతి ‘లంఘనబృంహణీయ’ అధ్యాయం శరీరాన్ని తేలికపరిచే లంఘనాన్నీ, పోషించే బృంహణాన్నీ వేర్వేరు చికిత్సలుగా నిర్వచించింది. ఏది ఎవరికి, ఏ ఋతువులో, ఎంతవరకు అన్నది వైద్యుడు నిర్ణయించాలి. నేటి దేహదారుఢ్య రంగం కోరేది ఈ రెండింటినీ ఒకే ఒంట్లో, ఒకే నెలలో, పరాకాష్ఠకు తీసుకుపోవడం. కండకు బృంహణం, కొవ్వుకు లంఘనం. శరీరం స్వతహాగా ఇలా విడదీసి పనిచేయదు. తిండి తగ్గితే అది కొవ్వుతోపాటు కండనూ కరిగించుకుంటుంది. ఈ చిక్కును తప్పించడానికే మందుల జోడింపు పుట్టింది.

4. పోటీవేదిక కోరిన శరీరం

శరీరాన్ని పని కోసం కాక రూపం కోసం తూచడం యూరప్‌లో వ్యవస్థీకృతమైంది. యూజిన్ సాండో 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో నిర్వహించిన పోటీ దీనికి నాంది. న్యాయనిర్ణేతల్లో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్ ఒకడు. సాండో ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే భారతదేశంలో పర్యటించాడు. బెంగాలుకు చెందిన మనోహర్ ఐచ్ 1952లో లండన్‌లో తన వర్గంలో మిస్టర్ యూనివర్స్ అయ్యాడు. ఆ తరం ఛాయాచిత్రాలు చూస్తే కండ స్పష్టంగానే ఉంటుంది, చర్మం మాత్రం కాగితంలా ఉండదు.

1965లో మిస్టర్ ఒలింపియా మొదలైన తరువాత పోటీ రెండు దిక్కులా తీవ్రమైంది. శరీరం మరింత పెద్దది కావాలి, మరింత ‘డ్రై’ కావాలి. పోటీదారులు ఏడాదిని రెండుగా విభజించుకున్నారు. కండ పెంచే కాలం ‘బల్కింగ్’, కొవ్వు తీసే కాలం ‘కటింగ్’. పూడూరు, పరిగి జిమ్ కుర్రాళ్ళకు కూడా నేడు ఈ రెండు మాటలూ కంఠోపాఠమే. పోటీకి దిగని, దిగే ఉద్దేశం లేని వ్యక్తి సైతం పోటీదారుడి పంచాంగాన్ని అనుసరిస్తున్నాడన్నది ఇక్కడ గమనార్హం.

5. కండమందుల కథ

దీన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం ఎద్దు వృషణాల నుంచి టెస్టోస్టిరాన్‌ను వేరుచేసింది. అదే సంవత్సరం బ్యుటెనాంట్, రుజిచ్కా దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1939 రసాయనశాస్త్ర నోబెల్ వారికి లభించింది. 1958లో సీబా కంపెనీ డయనాబాల్‌ను అమెరికా విపణిలోకి తెచ్చింది. జాన్ జీగ్లర్ అనే వైద్యుడు దాన్ని బరువులెత్తేవారికి పరిచయం చేశాడు, తరువాతి కాలంలో ఆ పనికి పశ్చాత్తాపపడ్డాడు. నాండ్రోలోన్, స్టానోజోలాల్ వంటివి 1950ల చివర, 1960ల తొలినాళ్ళలో వచ్చాయి. రక్తహీనతకూ శస్త్రచికిత్స తరువాతి నీరసానికీ, వ్యాధితో శుష్కించిన శరీరాలకూ ఉద్దేశించిన మందులివి. అనంతగిరి శానిటోరియం రోగి తిండితో సాధించదలచిన దాన్నే ఇవి సూదితో సాధించడానికి వచ్చాయని చెప్పవచ్చు.

6. కొవ్వుమందులు: ప్రమాదాల నుంచి పుట్టిన చికిత్సలు

కొవ్వుమందుల చరిత్ర ఇంత సూటిగా లేదు. అందులో ప్రతి మందూ మరో పనిచేస్తూ ఉండగా పొరపాటున కంటపడినదే.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్రాన్సు ఆయుధ కర్మాగారాలలో పేలుడు పదార్థాల తయారీకి డైనైట్రోఫినాల్ అనే పసుపుపచ్చని రసాయనం వాడారు. అక్కడి కార్మికులు బరువు తగ్గారు, విపరీతంగా చెమటలు పట్టి జ్వరంతో కొందరు మరణించారు. ఒక విషప్రభావంగా నమోదైన ఈ పరిశీలనను 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్ చికిత్సగా మలచారు. స్వల్పకాలంలోనే అమెరికాలో లక్షమంది వరకు దాన్ని వాడినట్లు టెయింటర్ బృందమే అంచనా వేసింది. 1935 నాటికి మందు వాడిన యువతుల కళ్ళలో శుక్లాలు కనిపించసాగాయి, మరణాలూ నమోదయ్యాయి. 1938లో అమెరికా కొత్త ఆహార, ఔషధ చట్టం చేసిన తరువాత అది మనుషులు వాడదగనిదిగా విపణినుంచి తొలగిపోయింది.

ఈ మందు పనిచేసే తీరును అర్థం చేసుకోవాలంటే ఒక తెలుగువాడి పరిశోధనను తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. 1929లో వారు ఎ.టి.పి.ని కండరం నుంచి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే సమయంలో స్వతంత్రంగా ఈ పని చేశాడు. కండర సంకోచానికి అవసరమైన శక్తి చక్కెరలో ఉందా, లాక్టిక్ ఆమ్లంలో ఉందా అన్న తర్జనభర్జనల నడుమ, శక్తి చెలామణీ అయ్యేది ఫాస్ఫేట్ బంధాల రూపంలో అన్న అవగాహనకు ఈ ఆవిష్కరణలు పునాది వేశాయి. తిన్న తిండి ధాన్యం అనుకుంటే ఎ.టి.పి. దాన్ని అమ్మగా చేతికొచ్చిన రొక్కం. కణంలోని మైటోకాండ్రియాలు ఆ మార్పిడి జరిపే అంగళ్ళు.

డైనైట్రోఫినాల్ ఈ మార్పిడిని చెడగొడుతుంది. మైటోకాండ్రియా లోపలి పొరకు ఇరువైపులా ప్రోటాన్ల తేడా ఉంటుంది. ఆ తేడాయే ఎ.టి.పి. తయారీకి బలం. డైనైట్రోఫినాల్ ఆ ప్రోటాన్లను అడ్డదారిన లోపలికి చేరవేస్తుంది. కొవ్వు మండుతూనే ఉంటుంది, ఎ.టి.పి. మాత్రం తగినంతగా తయారుకాదు. ఆ శక్తి అంతా వేడిగా మారిపోతుంది. అంగడిలో ధాన్యం తగలబడుతున్నది, రొక్కం చేతికి రావడం లేదు. బరువు తగ్గడం ఈ మంటకు పర్యవసానం. ఎక్కువైతే దేహతాపం అదుపు తప్పుతుంది, దానికి విరుగుడు మందు లేదు. శ్వాసక్రియకూ ఎ.టి.పి. తయారీకీ ఉన్న ఈ లంకెను డైనైట్రోఫినాల్ తెంచుతుందని లూమిస్, లిప్‌మన్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు కన్నుమూసింది ఆ సంవత్సరం ఆగస్టులోనే. కాకతాళీయమే అయినా, ఒక తెలుగు పరిశోధకుడు వెలికితీసిన ఈ శక్తివ్యవస్థను ధ్వంసం చేసి సన్నబడాలన్న ప్రయత్నానికి శాస్త్రీయ వివరణ ఆయన మరణించిన ఏడాదే దొరకడం ఈ వ్యాసకర్తను ఆపి ఆలోచింపజేసింది. నేడు జిమ్‌లో క్రియాటిన్ డబ్బా కొనే యువకుడికి ఆ పదార్థపు చరిత్రలో భీమవరం ప్రస్తావన ఉందని చెప్పేవారు లేరు.

1980ల తరువాత అమెరికాలో డైనైట్రోఫినాల్ దేహదారుఢ్య వర్గాలలో రహస్యంగా తిరిగి బతికింది. అద్దకం రంగులలోనూ పురుగుమందులలోనూ కొయ్యను కాపాడే పూతలలోనూ వాడిన పారిశ్రామిక రసాయనం కనుక సంపాదించడం కష్టం కాలేదు. బ్రిటన్‌లో వరుస మరణాల తరువాత 2023 అక్టోబరులో దాన్ని అనుమతిపత్రం లేకుండా కొనరాని విషాల జాబితాలో చేర్చారు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, వాడా, మానవచికిత్సకు ఆమోదం లేని పదార్థాల వర్గంలో దీన్ని పేరుపెట్టి పేర్కొన్నది.

థైరాయిడ్ గ్రంథిసారాన్ని స్థూలకాయులకు ఇవ్వడం 1890లలోనే మొదలైంది. 1952లో గ్రాస్, పిట్-రివర్స్ గుర్తించిన ట్రైఅయొడోథైరోనిన్, వాడుకలో టీ-3, దీనికి చురుకైన రూపం. ఇది కొవ్వునూ కండనూ విచక్షణ లేకుండా కరిగిస్తుంది, గుండె లయను చెదరగొడుతుంది. కొవ్వుకోసం పలు మందుల మిశ్రమాలు చేయడం కూడా జిమ్‌లలో మొదలైన పని కాదు. అమెరికాలో 1940ల నుంచి స్థూలకాయ చికిత్సాలయాలు ఆంఫెటమిన్, థైరాయిడ్, మూత్రవర్ధకాలు, డిజిటాలిస్‌లను రంగురంగుల మాత్రలుగా కలిపి అమ్మాయి. మరణాలు వెలుగులోకి వచ్చాక 1968లో అక్కడి ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. తెలుపుకోటు వేసుకున్నవారే ఈ దారి తొక్కారన్న సంగతిని జిమ్ శిక్షకులను మాత్రమే నిందించే వ్యాసకర్తలు విస్మరిస్తుంటారు.

1972 ప్రాంతంలో డెన్మార్క్‌లోని ఎల్సినోర్‌లో – ‘హామ్లెట్’ కథ జరిగే ఊరది – ఎఫిడ్రిన్, కెఫీన్ కలిసిన ఉబ్బసం మందు వాడుతున్న రోగులు అనుకోకుండా బరువు తగ్గడాన్ని ఒక వైద్యుడు గమనించాడు. ‘ఎల్సినోర్ మాత్ర’గా పేరుపడ్డ ఆ మిశ్రమమే తరువాతి కాలపు ‘ఫ్యాట్ బర్నర్’ డబ్బాలకు పూర్వరూపం. బేస్‌బాల్ ఆటగాడు స్టీవ్ బెక్లర్ 2003లో మరణించాక, 2004లో అమెరికా ఎఫిడ్రా కలిసిన ఆహారపదార్థాలను నిషేధించింది.

క్లెన్‌బ్యూటరాల్ కూడా ఉబ్బసం మందే. పశువులమీద జరిగిన పరిశోధనల్లో ఇది కొవ్వును తగ్గించి మాంసాన్ని పెంచుతుందని తేలడంతో యూరప్ పశుపోషకులు దొంగచాటుగా వాడారు. 1990లో స్పెయిన్‌లో ఆవు కాలేయం తిన్న 135 మంది గుండెదడ, వణుకుతో అస్వస్థులైనట్లు ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. రెండేళ్ళకే, 1992లో, జర్మన్ పరుగురాణి కాట్రిన్ క్రాబె దీనితోనే పట్టుబడింది. పశువుల కొట్టం నుంచి పరుగుబాటకు ఈ మందు ఎంత వేగంగా నడిచిందో చూడండి. వాడా జాబితా దీన్ని ఉబ్బసం మందుల వరుసలో కాక ‘ఇతర అనబాలిక్ పదార్థాల’ కింద ఉంచింది. కండమందుకూ కొవ్వుమందుకూ మధ్య గీత ఇక్కడ చెరిగిపోయింది.

7. జోడింపు తర్కం – గోచీకోసం సంసారం

తన గోచీని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాలకోసం ఆవును, ఆవు మేతకోసం పొలాన్ని తెచ్చుకొని చివరికి సంసారంలో పడ్డ సన్యాసి కథ మనకు తెలిసిందే. మందుల జోడింపు చరిత్ర అక్షరాలా అదే కథ. పోటీకి ముందు తిండి తగ్గించినప్పుడు కండ పోకుండా స్టెరాయిడ్. అది చాలదని టీ-3. టీ-3 కండను తినేస్తుంది కనుక స్టెరాయిడ్ మరింత. టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు పెంచుతుంది కనుక రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్. చర్మం కింద నీరు నిలిస్తే మూత్రవర్ధకం. ఉత్సాహం తగ్గితే ఎఫిడ్రిన్, దానివల్ల నిద్ర పట్టకపోతే నిద్రమాత్ర. ప్రతి కొత్త మందూ ముందు మందు చేసిన చేటుకు సమాధానంగానే వస్తుంది. వాడేవాడి దృష్టిలో ఇది విచ్చలవిడితనం కాదు, జాగ్రత్త. ఈ మనస్తత్వాన్ని గుర్తించని హెచ్చరికలు ఎవరి చెవికీ ఎక్కవు.

ఈ మందుల దుష్ఫలితాలు వేర్వేరు అవయవాలకు పంచబడితే కొంత నయమే. కానీ చాలావరకు అన్నీ గుండెదగ్గరే కలుస్తాయి. స్టెరాయిడ్లు మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గించి, రక్తాన్ని చిక్కబరచి, ఎడమ జఠరిక గోడను మందం చేస్తాయి. ఎఫిడ్రిన్, క్లెన్‌బ్యూటరాల్ ఆ గుండెనే వేగంగా కొట్టిస్తాయి. థైరాయిడ్ హార్మోను లయ తప్పిస్తుంది. మూత్రవర్ధకాలు పొటాషియం స్థాయిని చెదరగొట్టి ఆ లయభంగానికి దారి వేస్తాయి. విడివిడిగా ప్రతి మందుకూ వైద్యగ్రంథాలలో మోతాదులు, ప్రమాదాలు రాసి ఉన్నాయి. వీటన్నింటినీ కలిపినప్పుడు ఏం జరుగుతుందో ఏ వైద్యశాలా ప్రయోగం చేసి చూడలేదు, చూడడానికి ఏ నైతికసంఘమూ అనుమతించదు. ఆ ప్రయోగం వ్యాయామశాలల్లో, లెక్క రాసుకోకుండా జరుగుతున్నది.

లెక్కకు దొరికిన సందర్భాలు మరణాలే. ఆస్ట్రియాకు చెందిన ఆండ్రియాస్ ముంజర్ చర్మం కింద కొవ్వు లేనట్లు కనిపించే శరీరానికి ప్రపంచప్రసిద్ధుడు. 1996 మార్చి మొదట్లో అమెరికాలో పోటీలో పాల్గొన్నాడు, ఆ నెల మధ్యలోనే మ్యూనిక్‌లో మరణించాడు. వయసు 31. అవయవాలు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. స్టెరాయిడ్లు, ఉత్ప్రేరకాలు, మూత్రవర్ధకాలు కలిపి వాడినట్లు వెల్లడైంది. అంతకు నాలుగేళ్ళముందు మొహమ్మద్ బెనజీజా పోటీ ముగిసిన కొద్ది గంటల్లోనే నెదర్లాండ్స్‌లో చనిపోయాడు.

మూత్రవర్ధకాల ప్రస్తావన వచ్చింది కనుక తెలుగునేలకు సంబంధించిన ఒక ఘట్టాన్ని చెప్పాలి. విజయనగరం జిల్లా కొండవెలగాడ బరువులెత్తే క్రీడాకారులకు పేరుపొందిన ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో మూడోస్థానంలో నిలిచింది. మొదటిస్థానం పొందిన నైజీరియా బాలిక చికా అమలాహా నమూనాలో రెండు మూత్రవర్ధకాలు బయటపడ్డాయి. ఆమె వయసు 16. పతకం రద్దయింది, సంతోషికి రజతం దక్కింది. దేహదారుఢ్యవేదిక మీద ‘డ్రై’ కావడానికి వాడే మందే బరువుల క్రీడలో శిక్షార్హం. ఒకచోట నమూనా తీసుకునే వ్యవస్థ ఉంది, మరొకచోట అద్దం ఉంది.

8. వైద్యుడి మాట ఎందుకు చెల్లలేదు

జిమ్ యువకుడు వైద్యుణ్ణి కాక శిక్షకుణ్ణి ఎందుకు నమ్ముతాడన్న ప్రశ్నకు చరిత్రలో సమాధానం ఉంది. 1977లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ స్టెరాయిడ్లు బలాన్ని పెంచుతాయనడానికి నిర్ణయాత్మక ఆధారం లేదని ప్రకటించింది. అప్పటికి రెండు దశాబ్దాలుగా వాటి ఫలితాన్ని ఒంటిమీద చూసుకుంటున్న క్రీడాకారులు ఆ ప్రకటన చదివి నవ్వుకున్నారు. పనిచేయదని చెప్పినవాడు ప్రమాదమని చెప్పినా నమ్మబుద్ధి కాదు. 1996లో శలేందర్ భాసిన్ బృందం 43 మంది పురుషులపై పది వారాలు జరిపిన అధ్యయనం ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడింది. అధిక మోతాదు టెస్టోస్టిరాన్ వ్యాయామం లేకుండానే కండను పెంచిందని అది నిరూపించింది. వైద్యశాస్త్రం తన పొరపాటును దిద్దుకుంది, కానీ ఆలోగా ఏర్పడిన ఖాళీలోకి 1982లో డాన్ డుషేన్ ప్రచురించిన చిరుపుస్తకం వంటి చాటుమాటు రచనలు వచ్చి కూర్చున్నాయి.

తెలుగులో ఈ ఖాళీ మరింత పెద్దది. కాపీ కొట్టిన మోతాదుల పట్టికలు చేతి ఫోనులో క్షణంలో దొరుకుతాయి. ఆ మందు ఎందుకు పుట్టిందో, ఎందుకు ఉపసంహరించబడిందో చెప్పే తెలుగు పుస్తకం గ్రంథాలయంలో వెదికినా దొరకదు. విశేషమేమిటంటే ఈ విషయాన్ని పట్టించుకున్నది సినిమా. 2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ సన్నబరుస్తామని చెప్పి ఆరోగ్యాన్ని హరించే ఒక చికిత్సాకేంద్రాన్ని కథావస్తువుగా తీసుకుంది. అయితే అందులో బాధితులు ప్రధానంగా స్త్రీలు. తెలుగు మగవాడి శరీరవ్యధకు ఇంకా కథకుడు దొరకలేదు.

9. చట్టం, అంగడి, హైదరాబాదు

భారతదేశంలో ఔషధ, సౌందర్యసాధనాల చట్టం 1940 కింద వచ్చిన 1945 నిబంధనలలోని షెడ్యూల్ ‘హెచ్’ అనబాలిక్ పదార్థాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని మందులుగా పేర్కొంటుంది. జాతీయ డోపింగ్ నిరోధక చట్టం 2022లో వచ్చింది. అది క్రీడాకారులకు వర్తించేది. సమాఖ్యల పోటీలతో సంబంధం లేని జిమ్ సభ్యుడు దాని పరిధిలోకి రాడు. డబ్బాలలో అమ్మే పోషకచూర్ణాలు ఆహారభద్రతా సంస్థ 2016 నిబంధనల కిందికి వస్తాయి. ఒకే యువకుడి సంచిలోని మూడు వస్తువులకు మూడు చట్టాలు, ముగ్గురు అధికారులు. ఆ మూడూ ఒకే ఒంట్లో కలుస్తాయన్న సంగతిని చూసే కన్ను ఈ ఏర్పాటులో లేదు.

ఇటీవలి సంవత్సరాలలో హైదరాబాదులో పోలీసులు, తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం పలుమార్లు మెఫెంటర్మిన్ సల్ఫేట్ ఇంజెక్షన్లను పట్టుకున్నారు. శస్త్రచికిత్సలో మత్తుమందు వల్ల పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి వాడే మందిది. కొనేవారిలో ఎక్కువమంది జిమ్ యువకులు. ఇది కండనూ పెంచదు, కొవ్వునూ నేరుగా కరిగించదు. అలసట తెలియనీయదు, అంతే. ఆంఫెటమిన్ కుటుంబానికి చెందిన ఈ ఉత్ప్రేరకం ఇప్పటికే స్టెరాయిడ్ వల్ల మందమైన గుండెమీద రక్తపోటును ఎక్కిస్తుంది. ఎఫిడ్రిన్ పాత్రను మన దగ్గర ఇది పోషిస్తున్నదని చెప్పవచ్చు. అమెరికా దేహదారుఢ్య గ్రంథాలలో ఈ పేరు అంతగా కనబడదు. అందువల్ల దీన్ని దిగుమతి అయిన అలవాటు అనడం కుదరదు. ఆపరేషన్ థియేటర్ అలమారాలో చవకగా ఉన్న మందును ఇక్కడి అంగడి తన అవసరానికి మలచుకుంది. బల్క్ డ్రగ్స్ రాజధానిగా పేరుపొందిన నగరానికి గంటన్నర దూరంలోపున్న పూడూరు వంటి మండలాలకు, రోజూ నగరానికి పోయివచ్చే యువకులతోపాటు ఆ అంగడి కూడా వచ్చిపోతుంటుంది.

10. మళ్ళీ వైద్యశాలకు

ఈ చరిత్రకు ఒక కొత్త మలుపు వచ్చింది. 2025లో టిర్జెపటైడ్ మార్చిలోనూ, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లుటైడ్ జూన్‌లోనూ భారతీయ విపణిలోకి వచ్చాయి. ఈ మందులతో బరువు తగ్గినవారు కొవ్వుతోపాటు కండనూ కోల్పోతున్నారు. వృద్ధులలో అది మంచాన పడేసే నష్టం. దీంతో జిమ్‌లు అర్ధశతాబ్దం కిందట వేసిన ప్రశ్ననే – కొవ్వు పోవాలి, కండ నిలవాలి – ఇప్పుడు ఔషధ పరిశోధకులు వేస్తున్నారు. సెమాగ్లుటైడ్‌కు ఎనోబోసార్మ్ అనే అనబాలిక్ పదార్థాన్ని జోడించి 60 ఏళ్ళు పైబడినవారిపై, బిమాగ్రుమాబ్ అనే ప్రతిరక్షకాన్ని జోడించి స్థూలకాయులపై రెండో దశ పరీక్షలు జరిగాయి. 2025లో వాటి ఫలితాలు వెలువడ్డాయి. కండనష్టం తగ్గింది.

జిమ్ శిక్షకుడు దీన్ని చూసి ‘మేం ముందే చెప్పాం’ అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. అయితే ఈ పరీక్షల్లో సగం విజయం ఒక సాధారణమైన ఏర్పాటులో ఉంది. ఉత్తుత్తి మందు తీసుకున్న మరో జట్టు పక్కనే ఉంటుంది. ఎవరు ఏది తీసుకున్నారో చివరిదాకా తెలియదు. రక్తపరీక్షలు తేదీలతో నమోదవుతాయి, చెడు జరిగితే పరీక్ష ఆగుతుంది. 1933లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ ఏర్పాటు లేదు. 1968 దాకా రంగుమాత్రలు అమ్మినవారి దగ్గరా లేదు. మండలకేంద్రపు జిమ్‌లో ఒక కుర్రాడు ఇంజెక్షన్ వేసుకుని అద్దం ముందు నిలబడినప్పుడు అతడే రోగి, అతడే వైద్యుడు, అతడే పరిశీలకుడు. అతని నోటుపుస్తకంలో రాసి ఉండేది ఎత్తిన బరువులు మాత్రమే.